అంతస్తులు పెరిగినవి - అంతరాలు తగ్గినవా?

మానవుడు సంఘజీవి అని పాఠశాల నాటి నుండి మనమందరము వ్యాసాలలో వ్రాస్తూనే ఉన్నాము. ఆ సంఘము ఒకప్పుడు ఊరుగా, వాడగా, మొహల్లాగా నేలమీద పరచుకొని ఉండేది. నేడది నిలువుగా లేచి నిలిచినది. ఒకే గేటు, నాలుగు లిఫ్టులు, ముప్పది అంతస్తులు, మూడు నాలుగు వందల కుటుంబాలు! ఒక చిన్న గ్రామము పట్టే జనము నేడు ఒకే కట్టడములో ఇమిడిపోవుచున్నది. అందులో తెలుగు మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు, మరాఠీలు, బెంగాలీలు, మలయాళీలు. నమాజుకు లేచేవారు, సుప్రభాతానికి లేచేవారు, రాత్రి ఉద్యోగము ముగించుకొని అప్పుడే నిద్రకు ఉపక్రమించేవారు అందరూ ఉన్నారు. మన తరములో పెక్కుమందికి ఇట్టి ఇండ్లే గతి కానున్నవి. కావున ఈ నిలువు ఊళ్ళలో మనము ఏ విధముగా బ్రతకబోవుచున్నామో ఆలోచించుట విద్యార్థులుగా మన కర్తవ్యము.

ఎత్తైన కట్టడము దానంతట అది మనుషులను కలపదు. దానంతట అది విడదీయదు కూడ. ఆ గేటు లోపలికి ఎవరిని రానిచ్చినారు, వచ్చిన వారి మాటకు విలువ ఇచ్చినారా లేదా అన్న రెండు ప్రశ్నలే మంచి చెడ్డలను నిర్ణయించునని మా అభిప్రాయము. సిమెంటును నిందించుట సులభము; మన నడవడిని పరీక్షించుకొనుట కష్టము.

ముందుగా ఒక అపోహను తొలగించుకొందము. జనము కిక్కిరిసి ఉండుట, భిన్నజాతులు పక్కపక్కన ఉండుట కొత్తగా వచ్చిన విషయాలు కావు. హైదరాబాదు నగరము 1591లో పుట్టిన నాటి నుండి కలగలుపు నగరమే. బార్కాస్ అను పేరు నిజాముల కాలపు అరబ్బు సైనికుల బ్యారక్కుల నుండి వచ్చినది. ఏ.సి. గార్డ్స్ అను పేరులో ఆఫ్రికా అశ్వికదళము దాగి ఉన్నది. బేగంబజారులో మార్వాడీలు, సికింద్రాబాదు కంటోన్మెంటులో తమిళులు, దేశ విభజన తరువాత వచ్చి స్థిరపడిన సింధీలు, పార్సీలు, కాయస్థులు - ఇందరి చెమటతో ఈ నగరము పెరిగినది. 2011 జనగణన ప్రకారము హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైగా ప్రజలు నివసించిరి. ఆ జనసాంద్రతలో అధిక భాగము ఎత్తైన మేడలది కాదు. రెండు మూడు అంతస్తుల ఇండ్లతో గల్లీలు గల్లీలుగా అల్లుకొన్న పాత బస్తీలది. ఎత్తు వేరు, సాంద్రత వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించుట వలననే మన చర్చలు చాలావరకు దారి తప్పుచున్నవి.

పాత మొహల్లాను స్వర్గముగా వర్ణించుట కూడ మాకు సమ్మతము కాదు. అక్కడ గోడకు గోడ ఆనుకొని ఉండేది. ఒక ఇంటి కూర వాసన మరొక ఇంటికి చెప్పకుండానే చేరేది. పెండ్లికైనా చావుకైనా పిలువకముందే పదిమంది వచ్చేవారు. కాని ఇరుకు దారి, ఒకే ద్వారము, తలపై వ్రేలాడే కరెంటు తీగెలు కూడ ఆ మొహల్లా సొత్తే. 2025 మే 18న చార్మినారు సమీపములోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత ఇంటిలో జరిగిన అగ్నిప్రమాదములో 17 మంది ప్రాణాలు కోల్పోయినారు. వారిలో పసిపిల్లలు కూడ ఉన్నారు. అది మేడ కాదు. రెండు మూడు అంతస్తుల కట్టడమే. లోనికి వెళ్ళు దారి ఇరుకుగా ఉండుట సహాయానికి అడ్డమైనది. ఆత్మీయత ఒక్కటే మనిషిని కాపాడలేదు. దానికి తోడు వెడల్పైన మెట్లు కూడ కావలెను.

హైదరాబాదు పైకి ఎట్లు లేచినదో స్థూలముగా చూతము. అపార్టుమెంట్ల వ్యాపారము ఊపందుకొన్న తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లో అపార్టుమెంట్ల నిర్మాణము, యాజమాన్యము గురించి ఒక ప్రత్యేక చట్టము చేసినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట పశ్చిమ దిశగా నగరము పరుగెత్తినది. 2006లో భవన నిబంధనలు మారినప్పుడు, స్థల విస్తీర్ణమును బట్టి కట్టడపు వైశాల్యమును పరిమితము చేయు పద్ధతి తొలగి, రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదలిన ఖాళీని బట్టి ఎత్తును నిర్ణయించు పద్ధతి వచ్చినది. దాని ఫలితము నేడు కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి ప్రాంతాలలో మన కండ్ల ఎదుటనే నలభై అంతస్తులను దాటి నిలిచి ఉన్నది. పల్లెలోని పొలము అమ్మినవాడు, అమెరికా నుండి డబ్బు పంపినవాడు, బ్యాంకు అప్పు తీసికొన్నవాడు ముగ్గురూ ఒకే వరండాలో పొరుగువారైనారు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఈ కట్టడాలలోనికి ఎవరికి ప్రవేశము?

ఇల్లు ఖాళీగా ఉన్నదని ఫోనులో మర్యాదగా చెప్పిన యజమాని పేరు వినగానే స్వరము మార్చుట, "నిన్ననే వేరేవారికి మాట ఇచ్చినాము" అనుట మన సహవిద్యార్థుల కుటుంబాలలో పెక్కింటికి ఎరుకైన అనుభవమే. కొందరు మతమడుగుదురు. కొందరు మర్యాదస్తులు మతము అడుగరు, "మాంసము వండుదురా?" అని అడుగుదురు. దళిత కుటుంబమునకు ఇంటిపేరు ప్రశ్న, ఈశాన్య రాష్ట్రాల వారికి ముఖకవళికల ప్రశ్న, ఆఫ్రికా విద్యార్థికి రంగు ప్రశ్న, ఒంటరి స్త్రీకి వచ్చిపోయేవారి ప్రశ్న ఎదురగుచున్నవి. అద్దె చెల్లించగల శక్తి, సత్ప్రవర్తన రెండూ ఉండి కూడ గేటు బయటనే ఆగిపోవుట ఎంతటి అవమానమో పడినవారికే తెలియును. 2006లో సమర్పింపబడిన సచార్ కమిటీ నివేదిక కూడ ముస్లింలకు ఇండ్లు కొనుటలోను, అద్దెకు తీసికొనుటలోను ఎదురగుచున్న వివక్షను ప్రస్తావించినది. భయము వలన కొంత, ఈ నిరాకరణ వలన కొంత ఒకే మతము వారు ఒకే చోట గుమిగూడుచున్నారని గుర్తించినది.

చట్టము ఏమి చెప్పుచున్నది? రాజ్యాంగములోని 15వ అధికరణము దుకాణాలు, హోటళ్ళు, వినోదశాలలు, బావులు, చెరువులు, రోడ్ల విషయములో మతము, కులము పేర ఎవరినీ అడ్డగింపరాదని స్పష్టముగా శాసించినది. ఆ జాబితాలో ప్రైవేటు ఇంటి అద్దె అను మాట కానరాదు. 2005లో సుప్రీంకోర్టు గుజరాతులోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘపు కేసులో, ఆ సంఘము తన సభ్యత్వమును పార్సీలకే పరిమితము చేసికొనుటను సమర్థించినది. ఒక చిన్న సమాజము తన సంస్కృతిని కాపాడుకొనవలెనన్న కోరికలో న్యాయము లేకపోలేదు. కాని అదే ద్వారము గుండా బలవంతులు కూడ నడచిపోగలరు. బ్రిటన్, అమెరికాలు 1968లోనే ఇండ్ల అమ్మకములో, అద్దెలో జాతి వివక్షను నిషేధించుచు చట్టములు చేసినవి. అంతటితో వివక్ష అంతరించలేదన్నది నిజమే. కాని తిరస్కరింపబడినవాడు తలవంచుకొని వెళ్ళవలసిన పని లేకుండ, న్యాయస్థానము తలుపు తట్టగల హక్కు వానికి లభించినది. మన దేశములో అట్టి సమగ్ర చట్టమునకై అడుగుట గొంతెమ్మ కోరిక కాజాలదు.

ఈ విషయములో సింగపూరు అనుభవము మనకు పాఠము వంటిది. అక్కడ 1960లో ప్రభుత్వము గృహాభివృద్ధి సంస్థను స్థాపించినది. 1961లో బుకిత్ హో స్వీ అను మురికివాడలో చెలరేగిన మంటలు సుమారు 16 వేలమందిని నిరాశ్రయులను చేసినవి. ఆ తరువాత ప్రభుత్వము శరవేగముతో అంతస్తుల ఇండ్లు కట్టినది. నేడు ఆ దేశ ప్రజలలో అధిక సంఖ్యాకులు ప్రభుత్వము కట్టిన అట్టి ఇండ్లలోనే ఉన్నారు. 1964లో మిలాదున్నబీ ఊరేగింపు సందర్భముగా మలయులకు, చైనీయులకు మధ్య ఘర్షణలు చెలరేగి రక్తము ప్రవహించిన దేశమది. ఆ జ్ఞాపకము పాలకులను వెంటాడినది. ఇండ్ల కొనుగోలు అమ్మకాల వలన తిరిగి జాతుల వారీ పేటలు ఏర్పడుచున్నవని గ్రహించి, 1989లో ఒక నియమము తెచ్చినారు. దాని ప్రకారము ఒక పేటలో మలయులు నూటికి 22కు, ఒక బ్లాకులో 25కు మించరాదు. చైనీయులకు 84, 87. భారతీయులు తదితరులకు 10, 13. ఈ కడపటి లెక్కను తరువాత కొంత పెంచినారు. అక్కడి తెలుగువారు కూడ ఈ భారతీయుల లెక్కలోనే చేరుదురు.

ఆ కట్టడాల నేల అంతస్తును గోడలు లేకుండ ఖాళీగా విడిచిపెట్టుట అక్కడి విశేషము. అదే చోట ఒకనాడు మలయుల పెండ్లి విందు, మరొకనాడు చైనీయుల అంత్యక్రియల కార్యక్రమము జరుగును. సాయంత్రము ముసలివారు చదరంగము ఆడుకొందురు. ఒకరి సంతోషము, ఒకరి దుఃఖము మరొకరి కంటబడకుండ ఇంటికి పోవుట సాధ్యము కాదు. మన బిల్డర్లు అదే నేల అంతస్తును కార్లకు అంకితము చేసినారు.

అయితే ఆ విధానములో లోపాలు లేవా? ఉన్నవి. అల్పసంఖ్యాక వర్గమునకు చెందినవాడు ఇల్లు అమ్మదలచినప్పుడు, ఆ బ్లాకులో కోటా నిండిన వర్గమువారికి అమ్మజాలడు; కొనేవారు తగ్గుదురు, ధర తగ్గును, నిరీక్షణ పెరుగును. ఈ బాధను గుర్తించియే 2022లో ప్రభుత్వము కొన్ని షరతులపై అట్టి ఇండ్లను తానే కొనుటకు అంగీకరించినది. అదియును గాక, అద్దె ప్రకటనలలో "భారతీయులకు ఇవ్వబడదు" అను మాటలు అక్కడ కూడ కనిపించినవి. అనగా ప్రభుత్వము మనుషులను పక్కపక్కన కూర్చోబెట్టగలదు గాని మనసులకు పక్కపక్కన చాప వేయలేదు.

అట్టి కోటాలు మన నగరమునకు తగవని మా అభిప్రాయము. అక్కడ కట్టినది ప్రభుత్వము. ఇక్కడ కట్టుచున్నది ఎక్కువగా ప్రైవేటు వ్యాపారి. అక్కడ కోటా బహుసంఖ్యాకులను కట్టడి చేసినట్లు కనిపించినను, ఎక్కువగా నొప్పించినది అల్పసంఖ్యాకులనే. మనము కోరవలసినది లెక్కలు కాదు, నిరాకరణ లేకుండుట. ప్రభుత్వము స్వయముగా కట్టిన చోట మాత్రము కలగలుపు సులభసాధ్యమే. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన రెండు పడకగదుల ఇండ్ల సముదాయములో 15,660 ఇండ్లు ఉన్నవి. నగరములోని నిరుపేదలకు ఇట్టి ఇండ్లను లాటరీ పద్ధతిన కేటాయించినారు. అనగా ఇరుగు ఎవరో పొరుగు ఎవరో చీటీయే నిర్ణయించినది. ఇది హర్షణీయము. కాని బస్తీలో కూలిపని, ఇంటిపని దొరికిన చోటికి అక్కడి నుండి ఎంత దూరము? ఇల్లు దొరికి పని పోయినచో ఆ లాభము ఏపాటిది? పేదలను కలిపి ఉంచుట మంచిదే. కలిపి దూరముగా నెట్టుట మంచిది కాదు.

గేటు దాటి లోపలికి వచ్చిన తరువాత రెండవ ప్రశ్న మొదలగును. ఎవరి మాట చెల్లును?

ఎత్తైన కట్టడములో ఒంటరిగా బ్రతుకుట అసాధ్యము. నేలమీది ఇంటిలో బావి ఎండినచో మన బావియే ఎండును. ఇక్కడ మోటారు చెడినచో నలభై అంతస్తుల కుళాయిలు ఒక్కమారు మూగబోవును. లిఫ్టు ఆగినచో ఇరవయ్యవ అంతస్తులోని వృద్ధుడు ఖైదీయగును. ట్యాంకరు నీటి ఖర్చు, జనరేటరు డీజిలు, మురుగునీటి శుద్ధి, వాచ్‌మన్ జీతము అన్నియు ఉమ్మడివే. ఈ ఉమ్మడి విషయాలను నిర్ణయించునది యజమానుల సంఘము. పది పదిహేనుగురు కూర్చుని చేసిన తీర్మానము వేయిమంది దైనందిన జీవితమును శాసించును. అద్దెకున్నవారికి ఆ సమావేశములో సాధారణముగా ఓటు ఉండదు. నెల నెలా మెయింటెనెన్సు చెల్లించు బాధ్యత మాత్రము ఉండును.

ఆ సంఘములో వచ్చు తగాదాలలో పండుగలవి ముఖ్యమైనవి. వినాయక చవితి పందిరి సెల్లారులో వేయవచ్చునా? శుక్రవారపు నమాజుకు కమ్యూనిటీ హాలు ఇవ్వవచ్చునా? బక్రీదు నాడు ఏమి చేయవలెను? క్రిస్టమస్ పాటలు ఎన్ని గంటల వరకు? దీనికి మాకు తోచిన మార్గము ఒక్కటే. ఉమ్మడి స్థలము ఒకరికి ఇచ్చినచో అదే అద్దెపై, అదే వేళలపై, అదే శుభ్రతా నియమాలపై అందరికీ ఇవ్వవలెను. ఇవ్వరాదనుకొన్నచో ఎవరికీ ఇవ్వరాదు. కుర్బానీ వంటివి నగరపాలక సంస్థ అనుమతించిన చోటులలో, పరిశుభ్రముగా జరుపుకొనుట ఉత్తమము. బాణసంచా, ధ్వనివర్ధకముల విషయములో కూడ నియమము ఒక్కటే ఉండవలెను. బహుసంఖ్యాకుల ఆచారమును "సంస్కృతి" అని, అల్పసంఖ్యాకుల ఆచారమును "ఇబ్బంది" అని పిలుచుట న్యాయము కాదు. అట్లే మనవారు అధికముగా ఉన్న కట్టడాలలో పొరుగు హిందూ కుటుంబమునకు, క్రైస్తవ కుటుంబమునకు అదే గౌరవము లభించుచున్నదా అని మనము అడిగి తీరవలెను. "మనవారికే ఇత్తుము" అను మాట మన నోట వచ్చినప్పుడు తీయగాను, ఎదుటివారి నోట వచ్చినప్పుడు చేదుగాను ఉండుటకు వీలులేదు.

ఇంకొక అంతరమున్నది, అది మతమునకు సంబంధించినది కాదు. ప్రతి ఇంటిలో అంట్లు తోమునామె, వంటామె, పాలపిల్లవాడు, డ్రైవరు, చెత్త తీసుకొనిపోవువాడు లేనిదే ఈ మేడలు ఒక్కరోజు నడువవు. పెక్కుచోట్ల వారికి వేరు లిఫ్టు. సామాను మోయుటకు ప్రత్యేక లిఫ్టు ఉండుట అర్థమగును. మనిషికి ప్రత్యేక లిఫ్టు ఎందులకు? చేతి వంట తినవచ్చును గాని పక్కన నిలబడరాదా? అంటరానితనము గ్రామము విడిచి లిఫ్టు ఎక్కి పైకి వచ్చినదని చెప్పక తప్పదు.

మాట చెల్లనివారి గతి ఏమగునో తెలిసికొనుటకు లండను నగరములోని గ్రెన్‌ఫెల్ టవరును తలచుకొనవలెను. అది 1974లో పూర్తయిన 24 అంతస్తుల కట్టడము. ధనవంతుల పేట పక్కనే, మొరాకో, ఇథియోపియా, సోమాలియా, బంగ్లాదేశ్ మొదలగు దేశాల మూలాలు గలవారు, స్థానిక ఆంగ్లేయులు కలసి ఉండిరి. మరమ్మతుల పేరిట గోడలకు బయట మండే స్వభావము గల పలకలు బిగించినారు. అగ్నిభద్రత గురించి నివాసులు ముందే హెచ్చరించినారు. వారి మాట ఎవరికీ వినబడలేదు. 2017 జూన్ 14 అర్ధరాత్రి దాటిన తరువాత నాలుగవ అంతస్తులోని వంటగదిలో పుట్టిన మంట బయటి పలకలనంటుకొని పైకి ప్రాకినది. 72 మంది మరణించిరి. అది రంజాన్ మాసము. ఆ వేళకు మేలుకొని ఉన్న ముస్లిములు కొందరు పొరుగువారి తలుపులు తట్టి లేపినారు. తెల్లవారునప్పటికి సమీపములోని మసీదులు, చర్చీలు, గురుద్వారాల వారు అన్నము, బట్టలు పట్టుకొని నిలిచినారు. ఆ మరణాలన్నియు నివారింపదగినవేనని 2024 సెప్టెంబరులో విచారణ సంఘము తేల్చినది. ఆ కట్టడములో మనుషుల మధ్య కలయిక ఉన్నది. లేనిది వారి మాటకు విలువ. వాడల కలహము వారిని చంపలేదు. పాలించువారి అలక్ష్యము చంపినది.

కావున విద్యార్థులముగా మనము చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. మన మేడలో అగ్నిమాపక మెట్లు సామానుతో నిండి ఉన్నవేమో చూచుట. సంఘపు సమావేశానికి మన పెద్దలను, ముఖ్యముగా మన తల్లులను పంపుట. అద్దెకున్నవారికి కూడ మాట దక్కునట్లు అడుగుట. పేరు చూచి ఇల్లు నిరాకరించు నియమము ఎక్కడ కనబడినను, అది మనవారికి అనుకూలమైనను సరే, ఎదిరించుట. పై అంతస్తు వృద్ధురాలికి మందు తెచ్చిపెట్టుట. ఇవి గొప్ప త్యాగాలు కావు. కాని ఇవి లేనిచో ఎంతటి మేడయైనను పేర్చిన అగ్గిపెట్టెల వరుసయే.

ఉర్దూలో పొరుగువానిని "హమ్‌సాయా" అందురు. ఫార్సీ నుండి వచ్చిన ఆ మాటకు ఒకే నీడను పంచుకొనువాడు అని అర్థము. పవిత్ర ఖురాన్ నాలుగవ అధ్యాయములో బంధువైన పొరుగువానిని, పరాయివాడైన పొరుగువానిని వేర్వేరుగా పేర్కొని ఇద్దరి యెడలను మేలు చేయుమని ఆజ్ఞ ఉన్నది. తెలుగువారు ఇరుగును పొరుగును విడదీయక ఒకే మాటగా పలుకుదురు. ఈ సంపద మన రెండు భాషలలోను ముందే ఉన్నది.

చివరగా ఒక్క మాట. అపార్టుమెంటులో ఇల్లు కొన్నవాని దస్తావేజును చదివినచో, గోడల మధ్య భాగముతో పాటు ఆ కట్టడము క్రింది భూమిలో "అవిభాజ్యపు వాటా" కూడ అతనికి వ్రాసి ఉండును. ఎనిమిదవ అంతస్తువానికి ఏ మూల, ముప్పదవ అంతస్తువానికి ఏ మూల అని గీత గీచి చూపుట ఎవరి తరమూ కాదు. నేల అందరిది; విడదీయరానిది. రిజిస్ట్రారు కార్యాలయములో సంతకము పెట్టి ఒప్పుకొన్న ఈ సత్యమును ఇంటికి వచ్చిన తరువాత మరువకుండుటయే పౌరధర్మము. అంతస్తులు పెరిగినవి, అంతరాలు తగ్గించుట ఇక మన చేతిలోని పని.